చిటికెన వేలు

పర్లాకిమిడి కోర్టు వెనక సందులో
పాఢీబాబు గది.
కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యడు.
ముగ్గురం ఒకే బెంచీ మీద
చేతులు కొంగు కింద దాచుకుని కూర్చున్నాం.

"ఎవరి పేరున పెడదామమ్మా?" అన్నాడు
బారసాలకొచ్చిన మేనమామలాగ.

ఒక్కరి పేరునైతే సులువట.
ఇవాళ కాగితం, ఎల్లుండి బోర్డు.
లాభం నీదే, అప్పూ నీదే.
ఆ అప్పు జీడిపప్పు గది గుమ్మం దగ్గర ఆగదు.
ఇంట్లోకొస్తుంది. కుట్టుమిషను చూస్తుంది,
చెవులకున్నవి చూస్తుంది,
పిల్లాడి సైకిల్లో గాలుందో లేదో నొక్కి మరీ చూస్తుంది.

సుకాంతి నావైపు చూసింది.
రెబికా తలుపువైపు చూసింది.
నా పేరు రాయమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.
ఆ కాసేపట్లో నా పేరు మీద నాకే ఆశ పుట్టింది.
బోర్డు మీద ఏ రంగులో ఉంటే బాగుంటుందో కూడా అనుకున్నాను.
దాచడమెందుకు, చెప్పేస్తున్నాను.

"పొత్తయితే స్టాంపు కాగితం చాలు.
కానీ ఒకరి సంతకం ముగ్గురి మెడకీ చుట్టుకుంటాది."
పొత్తుల మగడు పుచ్చి చచ్చేడనేది మా అత్త.
నవ్వాపుకున్నాను. రెబికాకి తెలుగు బాగా వచ్చు.
కొండ మీంచి దింపిన గింజలు తూకంలో తగ్గితే
కొంగుముడి విప్పి
తన చిల్లర పెట్టే మనిషి.
రాతలేని పొత్తు ఐదేళ్లుగా నడుస్తోంది మాది.
రాసుకుంటే చెడిపోతామేమో.
రాసుకోకపోతేనో?

"ఒకలు పోతే?" అంది సుకాంతి.
"ముందే రాసుకోకపోతే, వాళ్లతోపాటే సంస్థా పోతాది."
తన మొగుడి కిరాణా కొట్టు అలాగే పోయింది.
పదకొండో రోజుకి మరుదులు
తూకంరాళ్లతో సహా పంచుకున్నారు.
అర్ధకేజీ రాయి ఒకటి మాత్రం బియ్యం డబ్బాలో దాచింది.
ఇప్పుడు మేం తూచేది దాంతోనే.

పరిమిత బాధ్యత, అన్నాడు తరవాత.
ఆ మాట దగ్గర ముగ్గురం ఆగిపోయాం.
"బాధ్యతకి హద్దుంటాదా బాబూ?"
వెటకారం కాదు, రెబికా నిజంగానే అడిగింది.
ఇంట్లో ఏడుగురు, చర్చి తాళాలు కూడా ఆవిడ దగ్గరే.
ఉంటుందన్నాడు. అయితే ఏటా లెక్క పంపాలి,
వ్యాపారం లేని ఏడాదికి కూడా.
పంపకపోతే రోజుకింత జరిమానా.

ఆఖర్న కంపెనీ.
"అది ఇంకో మనిషనుకోండి. మీరు ముగ్గురు, అది నాలుగోది.
దానికి ఆస్తుంటాది, అప్పుంటాది, కోర్టుకెక్కుతాది.
మీరు పోయినా అది పోదు."
"దానికీ కూలివ్వాలా?" అంది రెబికా.
పాఢీబాబు ఫ్యాను వేశాడు ఆ నవ్వుల్లో,
కాగితాల మాట మరిచిపోయి.

"సరే, ముందు వేళ్లు పెట్టండి."
అగ్గిపెట్టెంత మిషను.
నా బొటనవేలు: ఎర్రదీపం.
సుకాంతిది: ఎర్రదీపం.
తుడుచుకోమన్నాడు. తుడుచుకున్నాం.
జీడితొక్కల నూనె ఐదేళ్లుగా తిన్న వేళ్లు,
పలక తుడిచినట్టున్నాయి, ఒక్క గీత లేదు.
చేతులే లేనిది మనిషట.
మా చేతుల్ని మాత్రం ఆ డబ్బా ఎరగదు.

ఎంతసేపు చూశామో
పది వేళ్లూ ఒకదాని తరవాత ఒకటి.
చివరికి రెబికా చిటికెన వేలు పెట్టింది.
గింజ పట్టుకోని వేలు, పప్పు వలవని వేలు,
ఇన్నాళ్లూ ఊరికే పక్కన నిలబడ్డ వేలు.
పచ్చదీపం.

పొత్తే రాయించాం.
నాలుగోదాన్ని ఇప్పుడే కనలేం, ముందు ముగ్గురం నిలబడాలి.
ఒకరు పోయినా ఆగకూడదని ఒక వాక్యం
సుకాంతి దగ్గరుండి రాయించింది,
ఒడియాలో రెండుసార్లు చదివించుకుంది.
నా పేరు మూడోది. అక్షరక్రమం కాదు,
నేనే మూడో చోటు అడిగాను.

తిరిగొస్తూ బజార్లో రబ్బరు తొడుగులు కొన్నాం.
లెక్కపుస్తకంలో మొదటి పద్దు అదే:
తొడుగులు, మూడు జతలు.
చిటికెన వేళ్లకి కూడా.