అరవై నాలుగు గళ్లు

కళలు అరవై నాలుగంటరు.
నాకున్నవి గళ్లు, అవీ అరవై నాలుగే:
అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది.
అందులోనే ఒక మనిషి నిలబడాలె,
పరిగెత్తాలె, డ్రమ్ము మోయాలె,
నీళ్లు ఒలికితే తల దించుకోవాలె.

వారాసిగూడలో మా గల్లీకి
రోజు విడిచి రోజు ట్యాంకర్ వస్తది.
నా గేమ్‌ల రోజూ వస్తది.
రంగులు పదహారే పెట్టుకున్న.
ఉన్న ఒక్క నీలం డ్రమ్ముకు పోయింది,
ఆకాశానికి పాత గోడ పసుపు పూసిన.
మే నెలల మా ఆకాశం అంతే కదా,
ఎవరూ తప్పు పట్టరు.

కంప్యూటర్ సికింద్రాబాద్‌ల
సెకండ్ హ్యాండ్‌కు కొన్నది.
ఎఫ్ బటన్ మీద మూత లేదు.
'ఇఫ్' అని రాయాల్సిన ప్రతిసారీ
పెన్ను క్యాపుతో లోపలి రబ్బరును పొడవాలె.
అందుకే నా ప్రోగ్రాంల షరతులు తక్కువ.
గోడ వస్తే ఆగాలె.
ట్యాంకర్ తగిలితే చావాలె.
డ్రమ్ము నిండితే ఇంటికి పోవాలె.
ఇంకో షరతు రాసే ముందు
అది నిజంగా కావాల్నా అని
నా బొటనవేలు అడుగుతది.

మొదట ఆడింది పై పోర్షన్ జ్యోత్స్న.
"నీ పేరు?" అన్నది తెర.
రాసింది.
రెండు ఖాళీ డబ్బాలు వచ్చినయి,
ట్యాంకర్ రాని రోజు డ్రమ్ముల లెక్క.
"ఇంగ్లీషుల జో అని పెట్టు," అన్నది,
"స్కూల్ బస్సు లిస్టుల గూడ అంతే."
ఆమె గొంతుల కోపం లేదు.
అదే నాకు నచ్చలే.

మూడు రాత్రులు కూసున్న.
జ ఒక్కటే ఉంటే సరిపోయింది.
ఓత్వం పెట్టంగనే నెత్తి కప్పుకు తగిలింది.
యవత్తు తోక పక్కింట్లకు పోయింది.
ఇగ 'త్స్న' ఉన్నది చూడు,
అరవై గజాల్ల మూడంతస్తుల ఇల్లు.
పైన త ఓనరు,
కింద స కిరాయికి,
మెట్ల కింద ఎక్కడో న, కరెంటు మీటరు పక్కన.
ఎంత చెక్కినా
ఎలుక కొరికిన రొట్టె లెక్కనే వచ్చింది.
నీళ్లకు లేచిన అమ్మ తెర చూసి
"బల్లిని గీస్తున్నవా?" అని
పోయి పడుకున్నది.

మెట్టుగూడ మూల మీద వాజిద్ భాయ్
బండ్లకు రేడియం స్టిక్కర్లు కోస్తడు.
మా దిక్కు ఆటోల వెనక ఉన్న తెలుగంతా
ఆయన బ్లేడు కిందికెళ్లి వచ్చిందే.
ఆయనకు తెలుగు చదవ రాదు.
"చదివేది లేదు బేటా," అన్నడు
నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని,
"ఏ అక్షరం ఎక్కడ తెగుతదో తెలుసు. చాలు."

గోరుతో చూపించిండు.
"ఈ తోక ఒక్కతే ఉంటే గాలికి లేస్తది.
పక్కదాన్ని పట్టుకోనియ్.
అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటే
పీకినప్పుడు ఒక్కసారే వస్తయి.
ఈ కింద చిన్నది, ఏందిది?"
"నావత్తు."
"మొత్తం వద్దు. గాటు పెట్టు.
మిగిలింది
వెనక బండి మీద వచ్చేటోని కన్ను కోసుకుంటది."
పైసలు తీసుకోలే.
తెగిన రేడియం ముక్క ఒకటి ఇచ్చిండు,
ఎఫ్ బటన్‌కు అంటిస్త అంటే నవ్విండు.
అది రెండు రోజులే ఆగింది.

గడికి నాలుగు వరసలు పెంచిన.
తొంభై ఆరైనయి, కళల లెక్క తప్పింది.
తప్పనీ.

ఆదివారం జ్యోత్స్న మరమరాల పొట్లంతో వచ్చింది.
రెండో లెవల్ల ట్యాంకర్ రివర్స్‌ల వచ్చి గుద్దింది.
తెర మీద, పసుపు ఆకాశం కింద:
'జ్యోత్స్న ఓడిపోయింది.'

చూసింది.
వేలికంటిన ఉప్పు నాకి
మళ్లీ మొదలుపెట్టింది.
పేరు మళ్లీ రాసింది,
ఈసారి జర నెమ్మదిగా.

పోయేటప్పుడు గడప దాటినంక అన్నది:
"ట్యాంకర్ వెనకకు వస్తే పాట మోగుతది కదా,
అది పెట్టు. అన్యాయంగ చంపుతున్నది."

నిజమే.
వెనకకు వస్తే, మోగాలె.
ఇంకో షరతు.
పెన్ను క్యాపు ఎక్కడ పెట్టిన్నో
ముందు అది దేవులాడాలె.