గోటి చప్పుడు

స్కానింగ్ గదిలో ఏసీ మిషన్ కోసం, మనుషుల కోసం కాదు.
శ్రీకాకుళంలో, మే నెలలో, స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను.

రెండో సంవత్సరం పీజీని.
థీసిస్‌కి నూట ఇరవై జతల కిడ్నీలు కావాలన్నారు గైడ్ గారు,
సంతలో వంకాయలు అడిగినంత మామూలుగా.
ఉద్దానం బస్సులు దిగినవాళ్లు పొద్దున్న ఏడింటికే వరండాలో,
సగం తాగిన నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని
పిలుపు కోసం చూస్తుంటారు.

మొదటి ఏడాది ఫిజిక్స్ కొరుకుడు పడలేదు నాకు.
స్ఫటికం వణుకుతుంది, ధ్వని లోపలికి పోతుంది,
దేనికో తగిలి వెనక్కి వస్తుంది,
ఎంతసేపటికి వచ్చిందో దాన్నిబట్టి ఎంత లోతో.
నాలుగుసార్లు చదివి పుస్తకం మూసేశాక గుర్తొచ్చాడు
మా చిన్నాన్న ఎర్రన్న.
కళింగపట్నం దాటాక తెప్ప ఆపి
తెడ్డు నీళ్లలో నిలువునా దింపి, పిడి చెవికి ఆనించి
"ష్" అనేవాడు,
కింద గొరకల గుంపు గొణుగుతోందని.
నాకెప్పుడూ నీళ్లే వినపడేవి.
ఆయన ఊరికే వినేవాడు. మేం పిలిచి, బదులు వింటాం.
వైవాలో ఇదేదీ చెప్పలేదు. సూత్రం చెప్పాను.

ఎనభై ఏడో కేసు మడ్డు నీలాద్రి.
యాభై రెండేళ్లు, కవిటి దగ్గర పల్లె.
వృత్తి అన్నచోట "కొబ్బరి దింపు" అని రాయించాడు.
చొక్కా ఎత్తితే రొమ్ము నిండా చెట్లు గీసిన గీతలు,
రెండు మూడు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.
జెల్ చల్లదనానికి పొట్ట లోపలికి లాక్కున్నాడు.
"ఊపిరి పీల్చండి. ఆపండి."

కుడిది ఏడు పాయింట్ రెండు.
నమ్మక మళ్లీ కొలిచాను. ఏడు పాయింట్ ఒకటి.
కాలేయం కన్నా నల్లగా ఉండాల్సింది
కాలేయం కన్నా తెల్లగా,
అంచు ఎక్కడ ఆగిందో, కొవ్వు ఎక్కడ మొదలైందో
తెలియకుండా.

"ఊపిరొదిలీమంటారేటి మేడమ్?"

మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను.

తల తిప్పి తెర వైపు చూశాడు.
"తెల్లబడిపోనాదేటి? మా అన్నదీ ఇలగే. మా వదిందీ ఇలగే.
ఇద్దర్నీ ఈ బల్లమీదకి నానే తెచ్చినాను కదా."
రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పకూడదు మేం.
మీట నొక్కుతున్నట్టు నటించాను.

"కురిడీ సూసినారా మేడమ్ ఎప్పుడైనా?
నీరింకిపోద్ది. కొబ్బరి ముడుసుకుపోయి
సిప్పనొగ్గీసి లోపల్లోపలే కదలాడతాది.
కాయ కొట్టక్కర్లేదు నాకు, గోరు తగిలిస్తే సాలు."
బల్ల అంచుమీద చూపుడువేలి గోటితో
టక్కు, టక్కు.
"మల్లీ కురిడీకే రేటెక్కువ. అదీ తమాసా."

నవ్వాడు. ఆ నవ్వుకి
నేను ఆపబోతున్న బొమ్మ జారిపోయింది.

ఎడమది ఆరు పాయింట్ తొమ్మిది.

దూది అయిపోయింది, తన తువ్వాలుతోనే తుడుచుకున్నాడు.
ఎనభై ఏడో వరసలో అంకెలు నింపాను.
పొడవు, మందం, తెలుపు ఏ గ్రేడో.
ఎందుకు అనడానికి గడి లేదు.
ఒకసారి అడిగితే, "అది మన థీసిస్ కాదమ్మా" అన్నారు గైడ్ గారు,
కళ్లజోడు తీసి, చాలాసేపు అద్దాలు తుడుస్తూ.

వెళ్తూ వెళ్తూ గోనెసంచిలోంచి ఒక కాయ తీసి
ప్రింటర్ పక్కన పెట్టాడు.
"నీరున్నదే మేడమ్. సూసే తెచ్చినాను."

మూడు రాత్రులైంది.
హాస్టల్ బల్లమీద, పుస్తకాల మధ్య, పీచు ఒలిచిన కాయ.
చదివి చదివి కళ్లు మండినప్పుడు
గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాను.
పక్క మంచం మీంచి హేమసుందరి
"పగలగొట్టవే బాబూ, పచ్చడైనా చేసుకుందాం" అంటుంది.

ష్, అన్నాను.