బోనెట్ కింద ఏమీ లేదు

బోనెట్ ఎత్తితే ఇంజను లేదు.
ఖాళీ గుంట, ఒక స్టెప్నీ,
ఎవరి పిల్లదో ఒంటి చెప్పు.
అమ్మే ఆయన, లెబనాన్ మనిషి, నవ్వాడు:
"మీ ఆయన రాలేదా మేడమ్?"
లేడు కాబట్టి రాలేదు.
సీట్ల వెనక కార్పెట్ ఎత్తి, నాలుగు గొళ్లేలు తిప్పి
ఇంజను ఎక్కడుందో నేనే చూపించాను.
అప్పుడు తగ్గింది ధర, రెండు వేల దిర్హాములు.

పోర్షా బాక్స్‌టర్, రెండువేల ఒకటి.
నేను మూడు ఆస్పత్రులు మారాను,
అది ఐదుగురు యజమానుల్ని.
ముల్కియా మీద నా పేరు దీఫినా.
అరబ్బీలో 'వ' లేదట. దీవెనలో సగం పోయింది,
కారు మాత్రం మొత్తం నాదే.

నఖీల్‌లో మా బిల్డింగు వెనక, చెత్త డబ్బాల పక్కన
దాన్ని స్టాండ్ల మీద నిలబెట్టాను.
రాత్రి పదకొండు. ఇంకా ముప్పై ఎనిమిది డిగ్రీలు.
నేల మీద అట్ట, అట్ట మీద నేను.
మున్సిపాలిటీ బండి వస్తే ఈల వేస్తానన్నాడు
వాచ్‌మన్ గుల్ జమాన్.
ముందు పళ్లు లేవు, ఈల రాదు. దగ్గుతాడు.

పగలు నా పని డయాలసిస్ వార్డులో.
నెత్తురు బయటికి, వడపోత, నెత్తురు లోపలికి,
మనిషికి నాలుగు గంటలు.
కూలెంట్ దింపడం నాకేం కొత్త?
ట్యాంకు అడుగున వెంట్రుకంత పగులు,
వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది.
షాజహాన్ కొట్లో కొత్తదాని ధర విని
ఏనుగును కొని అంకుశానికి దేబిరించకూడదనుకుంటూనే
పావుగంట దేబిరించాను.

పాత ఆయిల్ ఫిల్టరు కోసి, మడతలు విప్పి
తెల్లటి గాజు గుడ్డ మీద పరిచాను.
రజను మెరిస్తే లోపల బేరింగు అరుగుతున్నట్టు.
ఒకటి మెరిసింది.
కడుపులో చల్లబడింది.
చూస్తే నా చెవికమ్మ మర.
గుల్ జమాన్ దగ్గాడు. ఈసారి నిజంగా దగ్గే.

ఆరో బెడ్డు ఉబైద్ గారు,
కొండల మీదికి రోడ్డు పడక ముందు
నీళ్ల ట్యాంకరు తోలిన మనిషి.
"ఫోన్లో పట్టుకొచ్చి వినిపించు దాన్ని" అన్నాడు.
కళ్లు మూసుకుని విన్నాడు.
"ఎడమ పక్క. నీళ్ల పంపు. గొంతు బొంగురుపోయింది."

ఆయన మోచేతి దగ్గర, ధమనీ సిరా కలిపి కుట్టిన చోట
వచ్చినప్పుడల్లా స్టెతస్కోపు పెట్టి వింటాను.
జుమ్మంటే బాగున్నట్టు.
ఆ రాత్రి అదే స్టెతస్కోపు ఇంజను ఎడమ డొక్కకి ఆనించాను.
కంకర నములుతున్న చప్పుడు.

పంపు విప్పడానికి మూడు రాత్రులు.
ఒక బోల్టు కంటికి కనపడదు, చేతికీ సరిగా అందదు,
వేలి కొసకి మాత్రమే తెలుస్తుంది.
ముసలివాళ్ల నరం దొరకనప్పుడు ఏం చేస్తాం,
చూపు మానేసి తడుముతాం.
దొరికింది. రెండు కణుపుల తోలు తీసుకుని దొరికింది.

శుక్రవారం తెల్లారకముందే జెబెల్ జైస్ ఎక్కాను.
పైకప్పు తీసేశాను. రాళ్లు ఇంకా రాత్రి వేడిలోనే ఉన్నాయి.
నేను స్పీడు ముల్లు చూడలేదు,
వేడి ముల్లు చూశాను, ఒంపు ఒంపుకీ.
నిటారుగా ఉంది, కదల్లేదు.
ఒక కూరగాయల పికప్పు హారన్ కొట్టి నన్ను దాటిపోయింది.
దాని వెనక కొత్తిమీర వాసన.

శనివారం ఉబైద్ గారు అడిగాడు, "ఎంతలో తోలావు?"
"అరవై."
మిషను అలారం మోగేదాకా నవ్వాడు.
నవ్వకండి, సూది కదులుతుందని
చెయ్యి పట్టుకుని, చెవిలో గొట్టాలు పెట్టుకుని వంగాను.
"ముందు నన్ను విని తర్వాత దాన్ని వినాలి,
దాన్ని విని నా దగ్గరికి రాకూడదు" అన్నాడు.
"పెట్రోలు కంపు."

స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాను.
పోలేదు.
ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.
జుమ్.