ఏది కారుతోంది?

గుణుపురంలో వాన వారంగా తెరిపియ్యలేదు.
సిస్టర్ అగాథా రయితా గొడుగు గుమ్మంలో వాల్చి
ఇంగ్లీషు ఉత్తరం నా చేతిలో పెట్టింది.
ఫ్రాన్సులో పెద్ద మఠానికి పంపాలట, వాళ్ళ భాషలో.
ఈ ఊళ్ళో ఆ భాష వచ్చింది నాకొక్కదానికే,
యానాం పిల్లనని ఆవిడకెవరో చెప్పారు.

మొదటి వాక్యమే:
క్లాయిస్టర్ కప్పు కారుతోంది.

తేలికేగా అనుకున్నాను. క్లోత్ర్.
ఇంగ్లీషు మాటా ఫ్రెంచి మాటా ఒకే గొళ్ళెం పిల్లలు.
కానీ చెదలు అంచు కొరికిన మా తాత నిఘంటువు
పక్కనే ఇంకొకటి చూపించింది: క్లోత్యూర్.
అది వసారా కాదు, నియమం. దాటకూడని గీత.
పొలం కంచెకీ ఆ పేరే,
ఖాతా మూసెయ్యడానికీ ఆ పేరే.

"సిస్టర్, మీకు ఏది కారుతోంది?"
పకపకా నవ్వింది. "రెండూ" అంది.
"ఆరుగురం, రెండు స్కూటీలు.
సంతకి మేమే, కాన్పులకి మేమే.
ఇంక లోపలుండేది ఎవరమ్మా?
దాన్ని మేం పిండా అంటాం, అంతే."

చూశాను ఆ పిండాని, కిందటేడు.
బావి చుట్టూ నాలుగు వైపులా వసారా,
పెచ్చులూడిన సున్నం, తీగ మీద ఆరని తెల్లచీరలు,
బుట్టెడు పనస గింజలు,
గోడవారగా ఒక్క వరస రాళ్ళు మాత్రం
నడిచి నడిచి నునుపెక్కి.

తెలుగులో ఏమంటారని నన్నెవరూ అడగలేదు.
మా ఇంట్లోనూ ఉండేది, పెరటి పక్క.
మూడు రోజుల చాప, విడి చెంబు,
ఎత్తునుంచి జారవిడిచే అన్నం.
మూడు గోడల మధ్య ముడుచుకున్న నన్ను
"అది బయటుంది" అనేది అమ్మ, వచ్చినవాళ్ళతో.
ఎవరి మాటైనా మనిషిని లోపల పెట్టి మూస్తుంది.
మా మాట బయట పెట్టి మూసింది.

పుస్తకం ముట్టకూడదు కనక
ఫ్రెంచి క్రియలన్నీ అక్కడే నోటితో వల్లించాను.
ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నది
ఆ చాప మీద కూర్చున్న పిల్లే.

క్లోత్ర్ అనే రాశాను చివరికి.
బంగాళా పెంకులు రెండు వేలు,
గుగ్గిలం దూలాలు నాలుగు, కూలి వేరే.

సిస్టర్ సంతకం పెడుతుండగా ఫోను మోగింది.
ఎవరికో నొప్పులు మొదలైనట్టున్నాయి.
"బయటే ఉన్నా, వచ్చేస్తున్నా" అంది,
వచ్చీరాని తెలుగులో,
గొడుగు నా గుమ్మంలోనే వదిలేసి.