అలవాట్లు

సాల్మియాలో ఆ ఇల్లు చూసేదానికి
కారులో నన్నూ ఎక్కించుకున్నారు.
బాబా ఫీజు అడిగినాడు. మేడం ఏసీ చూసింది.
నేను దుప్పటి ఎత్తి వాసన చూసినా.
బాత్రూములో కడ్డీ పట్టుకుని, నా బరువంతా వేసి ఊపినా.
కిటికీ పక్క ముసలాయన గోళ్ళు చూసినా,
కత్తిరించి ఉండాయి, ఎవరో ఓపిగ్గా.
"రాత్రి రెండింటికి లేస్తే ఎవరుంటారు?"
అడిగింది నేను.
మేనేజరు జవాబు బాబాకు చెప్పినాడు.

ఫారంలో 'అలవాట్లు' అని ఒక గడి.
మేడం పెన్ను ఆగిపోయింది.
కన్నకూతురే. కాగితం మెల్లగా నా దిక్కు జరిపింది.

రాయను రాదు నాకు. చెప్పినా:
చాయ్ చిన్న గాజుగ్లాసులోనే.
కప్పులో పోస్తే మందనుకుంటుంది.
దిండు కింద ఖర్జూరాలు దాస్తుంది, తీయొద్దండి,
పడవెక్కి తిరిగిరాని తమ్మునికవి.
ఎండిపోతే కొత్తవి పెట్టండి, లెక్క తగ్గకుండా.
మొత్తం ఏడు.
అద్దం మీద గుడ్డ కప్పండి.

పదకొండేండ్ల నా అకామా
ఆమెను చూసుకునే పని మీదనే నడిచింది.
దానికి గడి లేదు ఆ కాగితంలో.

ఇంకోటి.
అరబ్బీ మాటలు ఒకటొకటే జారిపోతాండాయి ఆమెకు.
భయమేస్తే "ఓబులా" అని కేకేస్తుంది.
వంటింట్లోంచి నేనేమంటానో అదే అనాల మీరు,
లేకుంటే తలుపు కొడతానే ఉంటుంది:
"వస్తాండా, వస్తాండా."

నర్సు కేరళ పిల్ల.
రెండుసార్లు నాతో పలికించుకుంది, మూడోసారి తనే పలికింది.
గడి చాలక కాగితం అంచున
తన లిపిలో రాసుకుంది.
నా మాట అంత గుండ్రంగా ఉంటాదని
నాకు తెలీదు.