ఎనిమిదో అంతస్తు, ఎడమవైపు

పరుపు మీరు సర్దకండి, డైక్ గారూ.
నాలుగు రోజులుగా చూస్తున్నాను,
నేను తలుపు తట్టేసరికే దుప్పటి అంచులు
పొలం గట్టులా తిన్నగా ఉంటాయి.
అది నా పని.
మీరు చేసేస్తే నా చేతులకు తోచక
మీ కళ్ళజోడు రెండుసార్లు తుడుస్తాను.

వాంకూవర్‌లో ఎక్కేటప్పుడు ఇచ్చిన పుస్తకంలో
అన్నీ రాశారు, అవసరమైనవి తప్ప.
గది గోడలు ఇనుపవి. అయస్కాంతం అంటుకుంటుంది.
రోజువారీ కాగితం అక్కడ తగిలించుకోండి.
ఇనుపవే గానీ పలచన:
రాత్రి మీ ప్రార్థన పక్కగదికి వినబడుతుంది,
వాళ్ళ పోట్లాట మీకు వినబడుతుంది.
పొద్దున లిఫ్టులో ఎదురుపడితే
ఇద్దరూ వాన గురించి మాట్లాడుకోండి.

బీపీ మాత్రలు పెద్దపెట్టెలో వేసి పంపేశారు,
అది రాత్రి ఏడుకి గానీ గుమ్మంలోకి రాలేదు.
ఇంకోసారి మాత్రలు జేబులోనే ఉంచుకోండి.
"ఇంకోసారా!" అని నవ్వారు మీరు.
సస్కాచువాన్ గోధుమల మధ్య నుంచి
సముద్రం దాకా రావడానికి డెబ్బై ఒక్క ఏళ్ళు పట్టిందట.

కడుపులో తిప్పితే పచ్చ ఆపిల్ కొరకండి.
దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూడండి.
మీ ఊళ్ళోనూ అదే గీత అన్నారు కదా,
కాకపోతే అక్కడది కదలదు.

భోజనాల గుమ్మం దగ్గర
సబ్బునీళ్ళ సీసాతో నిలబడే కుర్రాణ్ణి తప్పించుకోకండి.
కడగని చెయ్యి ఒక్కటి గరిటె పట్టుకుంటే చాలు
మూడు అంతస్తులు మంచం పడతాయి,
ఆ తర్వాత బకెట్ పట్టుకునేది నేను.

కొలను పక్క కుర్చీల మీద
ఆరింటికే తువ్వాళ్ళు పరిచి పోతారు కొందరు.
అలాస్కాలో ఉన్న ఎండే గుప్పెడు,
అదీ తువ్వాలు తాగాలా?
అరగంట చూడండి. తర్వాత మడిచి పక్కన పెట్టి కూర్చోండి.
ఎవరైనా అరిస్తే నన్ను పిలవండి.
ఫ్లోర్‌డెలిజా అని బిళ్ళ మీద ఉంది,
మా ఆంటికేలో లిజా అంటారు.
ఆఖరి రాత్రి కవరులో ఎంత పెట్టాలా అని మథనపడకండి,
పేరు పెట్టి పిలిచారు, సగం అందింది.
(మిగతా సగం కవరులోనే. అబద్ధమెందుకు.)

తిమింగలం అని ఎవరో అరుస్తారు.
అందరూ కటకటాల మీదికి తోసుకొస్తారు.
చూసినవాళ్ళు వెనక్కి జరగాలి. అంతే నియమం.
తోక ఒకసారి చూస్తే చాలు,
రెండోసారి చూసేది ఫోనే.

ఇక ఆ గడియారం.
మీ ఊరి టైమే ఉంచుకుంటానంటారు,
మీ ప్రాంతంలో ఎండాకాలమైనా ముల్లు జరపరట.
కెచికాన్‌లో రెండు గంటల ముందే వచ్చేసి
మోకు కట్టే ఇనుప దిమ్మ మీద కూర్చుని
రొట్టె తిన్నారు, పాపం, ఓడ ఎటూ పోకుండా కాపలాగా.
ఓడలో ఓడ గడియారమే గడియారం.
అయినా పర్లేదు, ముందొచ్చినవాళ్ళని
సముద్రం ఏమీ అనదు.

ఆలస్యమైనవాళ్ళ సంగతే వేరు.
రేవు మీద సంచులు ఎగురుతూ పరిగెడతారు,
పైనుంచి బాల్కనీలన్నీ చప్పట్లు కొడతాయి,
ఈలలు, ఫోన్లు.
ఆ పని మాత్రం చేయకండి అని చెప్పబోయాను.

నిన్న జూనోలో నేను గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని
చెల్లెలితో ఇంటి రేకుల లెక్క తేల్చుకుంటూ
ఫోన్‌లో టైము చూడలేదు.
సిబ్బంది గంట ముందే ఎక్కాలి.
ఆఖరి ప్రయాణికుల వెనక నేను,
ఒక చెప్పు చేతిలో.
పన్నెండు అంతస్తుల చప్పట్లు.
తలెత్తకూడదనుకుంటూనే ఎత్తాను,
ఎనిమిదో అంతస్తులో మీరు లేచి నిలబడి
టోపీ తీశారు.

పైవాడు నా పేరు రాసుకున్నాడు, అది వేరే కథ.
రాత్రి మీ దిండు మీద చాక్లెట్లు రెండు పెట్టాను.
నియమం ప్రకారం ఒక్కటే.
ఎవరికీ చెప్పకండి.
ఇదీ ఓడ మర్యాదే.