ఆరు గుర్రాల ధర

హిల్కా కొట్లో నోటీసు చెక్కకి గుచ్చడానికి
అట్టముక్క ఒకటి కత్తిరించాను.
"అమ్మకానికి పడవ మోటారు. ఆరు గుర్రాల శక్తి."
అంతవరకూ కలం బాగానే నడిచింది.
ధర దగ్గర మొరాయించింది.

ఎన్ని మార్కులు వెయ్యాలి దీనికి?
కొత్తదైతే ఆరు వేలంటాడు పట్నంలో దుకాణదారు,
పాతదంటే చెవి గోక్కుంటాడు.
కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.
మా చుట్టూ నిజంగానే అడవి,
అడవి నడుమ సరస్సు,
సరస్సు మీద నిరుటి నుంచి వంతెన.

వంతెన రాకముందు
పద్దెనిమిదేళ్లు
దీని పిడి ఎడంచేత్తో పట్టుకుని
కోర్పిసారి దీవికీ, దాని చాటునున్న రెండు పిల్ల దీవులకీ
టపా మోశాను.
పింఛన్లు, పెళ్లి కబుర్లు, రంగురంగుల విత్తనాల పుస్తకాలు.
ఒకసారి చిల్లుల అట్టపెట్టెలో అరవై కోడిపిల్లలు,
దారి పొడవునా మోటారుతో పోటీపడి అరిచాయి.
ఇప్పుడు ఎవరో కుర్రాడు
పసుపు వ్యానులో పాటలు వింటూ పంచిపోతున్నాడు.
మంచివాడే.

పదిహేను వందలు అని రాశాను.
అందులో కోడిపిల్లలు ఉన్నాయని తెలిసి
కొట్టేశాను.
వెయ్యి అని రాశాను.
అందులో అక్టోబరు మంచు ఉంది.
చప్పుడు బండలకి తగిలి తిరిగొచ్చే తీరును బట్టి
ఒడ్డు ఎటుందో పోల్చుకున్న పొద్దు ఉంది.
అదీ కొట్టేశాను.
ఉత్త లోహానికీ, మిగిలిన కాస్త రంగుకీ
ఎంతొస్తుందో అంతే రాశాను చివరికి.
ఆరు వందలు.
గుర్రానికి వంద.

అట్ట వెనక లోపాలు రాశాను.
ఆవుని అమ్మినా దాని కుంటికాలు ముందు చూపించేది మా అమ్మ.
మొదటి రెండు లాగుళ్లకి పలకదు.
పంకా రెక్క ఒకటి రాయిని ముద్దాడి మూతి పగలగొట్టుకుంది.
పెట్రోలు గొట్టం మార్చి రెండేళ్లు.
మూత మీద సొట్ట: నా కోపం.

మూడు వారాలకి రైమో వచ్చాడు.
మూత ఎత్తాడు, ఈల వేశాడు,
"విడిభాగాలకి రెండొందలిస్తా" అన్నాడు.
కాఫీ తాగి వెళ్లమన్నాను.

నాలుగో శనివారం ఆ పిల్ల, మీర్వా,
అన్న రబ్బరు బూట్లలో కాళ్లీడ్చుకుంటూ,
చంకలో బిస్కట్ల డబ్బా, డబ్బాలో నాలుగొందల ముప్ఫై.
చేపల వలలు సొంతంగా వేస్తుందట ఈ వేసవి నుంచి.
అట్ట ముందువైపు కాదు, వెనకవైపు చదివి వచ్చింది.
"సొట్ట ఎవరి మీద కోపం?" అంది.

చెప్పాను.
ఎవరికీ చెప్పని మాట.
తలూపి ఊరుకుంది.
బేరంలో నూట డెబ్భై ఎక్కడ కరిగిందంటే
అక్కడే.

పీపాలో నీళ్లు నింపి దించాం దాన్ని.
ఒకటి. రెండు.
మూడోసారి నీలం పొగ కక్కి లేచింది.
పక్కింటి ముసలి కుక్క పరుగెత్తుకొచ్చింది,
టపా అనుకుని.

తోపుడుబండిలో వేసుకుని పోతుంటే
వెనకనుంచి అరిచాను,
చలి పొద్దున చోక్ సగమే లాగు,
తిట్టకు, తిడితే మునిగిపోతుంది పెట్రోల్లో.
చెయ్యెత్తింది. వినబడిందో లేదో.

సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను.
నీటి మీదనుంచి ఒక లాగుడు.
ఇంకొకటి.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
నా కుడి భుజం దానంతటదే వెనక్కి పోయింది,
కత్తి గిన్నెలో పడింది.

అందుకుంది.

వంతెన కిందికి దూరి
అటువైపు తేలేదాకా విన్నాను.
నాలుగున్నర మిగిలాయనుకున్నాను ఇన్నాళ్లూ.
కాదు, ఐదు గుర్రాలు. నిండుగా ఐదు.

తక్కువకే పోయింది.